బోనెట్ మీది అయిదు వేళ్ళు

(ఫోటోల మీద పాఠకుల ప్రశ్నలు. జవాబులు: కర్నూలు పాతబస్తీలో 1979 నుంచి స్టుడియో నడుపుతున్న ఒక ఫోటోగ్రాఫర్)

ప్రశ్న: సార్, నేను ఆదోనిలో డిగ్రీ ఆఖరి సంవత్సరం. క్యూబా వీధుల్లో పాత అమెరికా కార్ల పక్కన కుర్రాళ్ళు నిలబడిన బ్లాక్ అండ్ వైట్ ఫోటోలు చూసి పిచ్చెక్కింది. మా ఊళ్ళో షెడ్ల ముందు పడి ఉన్న అంబాసిడర్లు, ఫియట్ల దగ్గర మా ఫ్రెండ్స్‌ను నిలబెట్టి అలాగే తీస్తున్నాను. 12 ఫోటోలు పంపాను. అందరూ సూపర్ అంటున్నారు. నాకే ఏదో తక్కువైనట్టుంది. ఏమిటది?

తమ్ముడూ, నీ ఫోటోలన్నీ పోస్ట్‌కార్డు సైజులో ప్రింట్లు వేయించి టేబుల్ మీద పరుచుకున్నాను. ఫోన్లో వేలితో తోసేస్తుంటే అన్నీ బాగానే ఉంటాయి. పక్కపక్కన పెడితేనే గుట్టు బయటపడుతుంది.

పదకొండు ఫోటోల్లో మీవాళ్ళు ఒకే పని చేస్తున్నారు. చేతులు కట్టుకుని, కూలింగ్ గ్లాసులు పెట్టుకుని, బోనెట్‌కు ఆనుకుని నిన్నే చూస్తున్నారు. వెనక ఆ కారు తీసేసి బుల్లెట్ పెట్టినా ఫోటో మారదు. 1980ల్లో మా స్టుడియోలో తాజ్‌మహల్ పరదా ఒకటి, పూలతోట పరదా ఒకటి, అట్టతో చేసిన విమానం ఒకటి ఉండేవి. గల్ఫ్‌కు పోయేవాళ్ళు ఆ విమానంలో కూర్చుని ఫోటో దిగేవాళ్ళు. నువ్వు అంబాసిడర్‌ను ఆ అట్ట విమానం చేశావు, అంతే.

పన్నెండోది చూడు. కదిలిపోయిందని నువ్వే చివర్లో పడేశావు. గళ్ళ చొక్కా పిల్లోడు మిట్టమధ్యాహ్నం బోనెట్ మీద చేయి పెట్టాడు. ఆదోని ఎండకు రేకు పెనంలా కాలి ఉంటుంది. చేయి గాల్లో ఉంది, నోరు తెరుచుకుంది, కూలింగ్ గ్లాసులు ముక్కు మీదికి జారాయి. పక్కవాడు నవ్వు ఆపుకోలేక కడుపు పట్టుకున్నాడు. బోనెట్ దుమ్ములో అయిదు వేళ్ళ అచ్చు తేటగా పడింది. మిగతా వాటిలో కారు ఊరికే పడి ఉంది. ఇందులో మాత్రం వాడికి చురక పెట్టింది. నీ సిరీస్ అక్కడి నుంచి మొదలుపెట్టు.

క్యూబా సంగతి వేరప్పా. 1959 విప్లవం తర్వాత అమెరికాతో చెడి, కొత్త కార్లు రావడం ఆగిపోయింది. ఉన్నవాటికే వేరే ఇంజన్లు ఎక్కించి, చేతికందిన సామాను వేసి నడుపుకుంటూ వచ్చారు. అక్కడి కుర్రాడికి ఆ కారు రోజూ ఎక్కే టాక్సీ. మన కుర్రాడికి అంబాసిడర్ షెడ్డు ముందు పడున్న ఇనుము. అక్కడి ఫోజు తెచ్చి ఇక్కడ పెడితే అతకదు.

అసలు మనవాళ్ళకూ ఈ కారుకూ లెక్క ఏమిటో ఆలోచించు. ఇంగ్లండ్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అచ్చులో 1957లో మొదలై, బెంగాల్ ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో 2014 దాకా తయారైంది. మా వయసు వాళ్ళకు అంబాసిడర్ అంటే కలెక్టరు, ఎమ్మెల్యే, పెళ్ళికొడుకు. మీ ఆదోనిలోనైతే పత్తి సేట్లు కూడా. తెల్ల అంబాసిడర్ వీధిలోకి వస్తే అరుగుల మీద వాళ్ళు లేచి నిలబడేవాళ్ళు. మీ ఫ్రెండ్స్ అదే బోనెట్‌కు ఆనుకుని ఫోటోలు దిగుతున్నారు. తప్పు అనడం లేదు. నాకు అదే ఆశ్చర్యం, ఫోటోకు పనికొచ్చేది కూడా అదే. కానీ నీ ఫోటోల్లో వాళ్ళు ఆనుకున్నది ఏమిటో కనిపించడం లేదు. నెంబరు ప్లేటు కూడా కోసేశావు. ఏపీ 21 అని మన పాత జిల్లా నెంబరున్న కారు ముందు ఏపీ 39 బండి (2019లో రాష్ట్రమంతటికీ ఆ నెంబరే పెట్టారు) ఆగి ఉంటే, పెద్దగా చెప్పాల్సిన పని లేకుండానే వయసు తెలుస్తుంది. ఫేస్‌బుక్‌లో పెట్టేటప్పుడు చివరి అంకెలు కనపడకుండా చెయ్యి, ఓనరు తిడతాడు.

మా ఇంటి దగ్గరి షెడ్డులో చూసిన ఒక సంగతి చెప్తాను. ఇంజనీరింగ్ చదివే పిల్లోడు సరదాకి పాత అంబాసిడర్‌లో డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. ఎడమ చేయి కిందికి పోనిచ్చి గేరు రాడ్డు కోసం తడిమాడు. లేదు. సీటు కింద చూశాడు. మెకానిక్ చాచా ఏమీ అనకుండా బీడీ పక్కన పెట్టి, కిటికీలోంచి వంగి, స్టీరింగ్ పక్కనున్న హ్యాండ్ గేరు మీద ఆ పిల్లోడి చేయి తీసి పెట్టాడు. మసి చేయి కింద శుభ్రమైన చేయి, దాని కింద అరిగిపోయి మెరుస్తున్న గేరు బుడిపె. ఫ్రేములో ఇంకేమీ అక్కర్లేదు. మొహాలు కూడా అక్కర్లేదు.

ఇక నా బాధ ఒకటుంది. 1998 ఎండాకాలం, కొండారెడ్డి బురుజు దగ్గర టాక్సీ అంబాసిడర్ ఆగి ఉంది. కాలేజీ కుర్రాడొకడు వచ్చి, మోచేత్తో కిటికీ అద్దం మీద దుమ్ము తుడిచి, అందులో చూసుకుంటూ తల దువ్వుకుంటున్నాడు. పాపిడి తీశాడు, నచ్చలేదు, మళ్ళీ తీశాడు. లోపల డ్రైవరు పడుకుని ఉన్నాడని వాడికి తెలియదు. డ్రైవరు లేచాడు. జానెడు దూరంలో, అద్దానికి అవతల నుంచి నెరిసిన మీసంతో వీడినే చూస్తున్నాడు. వీడు దువ్వుతూనే ఉన్నాడు. నా కెమెరాలో అప్పుడే 36 ఫోటోలు అయిపోయి రీలు వెనక్కి తిప్పుతున్నాను! కొత్త రీలు ఎక్కించేసరికి డ్రైవరు అద్దం దించి "పౌడరు కూడా కావాల్నా నాయనా" అన్నాడు, పిల్లోడు పరుగు. ఇరవై ఏళ్ళు దాటినా ఆ ఫోటో నాకు కంట్లోనే ఉంది, కాగితం మీద లేదు. అప్పటికి ఆ కారు అంత పాతదేమీ కాదులే, డ్రైవరే పాతవాడు.

నీకు ఒక పని. వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి షెడ్డుకు పో. ఫ్రెండ్స్‌ను తీసుకుపోవద్దు. హెల్పర్‌గా చేసే కుర్రాడు ఉంటాడు, నీ వయసు వాడే. కారు కింద పడుకుని రెండు కాళ్ళు మాత్రం బయట పెట్టి పాటలు వింటుంటాడు. నువ్వు వెతుకుతున్న "యువత" వాడు కూడా. వాడికి టీ తెప్పించు, తర్వాత కెమెరా తియ్యి.

ప్రశ్న: రంగుల లోకాన్ని నలుపు తెలుపు చేయడం ఎందుకండీ? ఏ మామూలు ఫోటో అయినా రంగు తీసేస్తే గొప్పదైపోతుంది. ఇది చూసేవాళ్ళను మోసం చేయడం కాదా? (కడప నుంచి ఒక టీచరు)

సగం ఒప్పుకుంటాను మేడమ్. మేము నలుపు తెలుపు తీసింది కళ కోసం కాదు, కలర్ ఖరీదు కాబట్టి. ఊటీలో 1960లో పెట్టిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్ళ 'ఇందు' బ్రాండు పేపరు మీద ప్రింట్లు వేసేవాళ్ళం. కలర్ వచ్చాక పాస్‌పోర్టు ఫోటోకు కూడా ఎవరూ నలుపు తెలుపు అడగలేదు. ఇప్పటి పిల్లలు డబ్బిచ్చి మరీ రంగు తీయించుకుంటున్నారు, చూస్తే నవ్వొస్తుంది.

మీ మాటే ఇంకా గట్టిగా అన్న పెద్దాయన ఒకరున్నారు. జైపూర్‌లో పుట్టిన రఘుబీర్ సింగ్ (1942–1999). మన దేశాన్ని రంగు లేకుండా చూడటం కుదరదని వాదించి, జీవితమంతా రంగుల్లోనే తీశారు. ఆయన చివరి రోజుల్లో చేసిన పెద్ద పని ఏమిటనుకున్నారు? అంబాసిడర్ కారే! దేశమంతా తిరుగుతూ దాని తలుపుల మధ్య నుంచి, కిటికీల్లోంచి, వెనక చూసే అద్దంలోంచి ఊళ్ళనూ మనుషులనూ తీశారు. కారును ఫోటోలో బొమ్మలా కాకుండా కిటికీలా వాడుకున్నారు. ఆయన ఫోటోలు చూశాక నాలుగు నెలలు నేను ఏ ఫోటోకూ రంగు తీసేయలేదు, నామోషీ వేసింది.

అయినా కొన్నిచోట్ల నలుపు తెలుపే పనిచేస్తుంది. షెడ్డు గోడ మీద నీలం రంగు సిమెంటు ప్రకటన, పక్కన ఎర్ర ప్లాస్టిక్ డ్రమ్ము, కుర్రాడి చొక్కా మీద చిలకపచ్చ అక్షరాలు... కన్ను అక్కడికే పోతుంది. మెకానిక్ చేయి మీదికి పోదు. రంగు తీస్తే మసి, తుప్పు, గీతలు, చెమట మిగులుతాయి. మన కార్లలో ఎక్కువ భాగం తెల్లవే కాబట్టి పెద్దగా పోయేదీ ఏమీ లేదు. అదే బొంబాయి నల్ల పసుపు ఫియట్ టాక్సీ తీసుకోండి. 2023 అక్టోబరులో చివరిది కూడా రోడ్డు దిగిపోయింది. దాని పసుపు తీసేస్తే టాక్సీయే కాదు. ఎర్ర కారు, పచ్చ చొక్కా కూడా అంతే. రంగుల్లో కొట్టుకుంటాయి, నలుపు తెలుపులో రెండూ ఒకే బూడిద రంగై ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. రంగు తీసేముందు ఈ రెండు చూసుకుంటే చాలు. చూసుకోకుండా పాతకాలం వాసన కోసం తీసేస్తే మీరన్నట్టు మోసమే.

ప్రశ్న: తెల్ల కారు పక్కన ఎవరిని నిలబెట్టినా కారు బూడిదగా, మనిషి మొహం బొగ్గులా వస్తోంది. ఫోను మార్చాలా? (కర్నూలు సి.క్యాంపు నుంచి)

ఫోనుకు డబ్బులు తగలెయ్యొద్దు. కెమెరా లోపల వెలుగు కొలిచే మీటరుకు తెలుపు, నలుపు తెలియవు. ఏది చూపినా సగటున నడిమి బూడిద రంగుకు తెస్తుంది. ఫ్రేము నిండా తెల్ల కారుంటే వెలుగు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. మధ్యలో మనిషి మొహం నల్లబడుతుంది. ఫోన్లో మొహం మీద వేలు పెట్టి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కొంచెం పైకి జరపండి. కెమెరా అయితే ఒక స్టాప్, అంటే వెలుగు రెట్టింపు, పెంచండి. బంపరు మీద, హెడ్‌లైటు రింగు మీద వెలుగు తెల్లగా మండిపోతే పోనీయండి, క్రోమ్ మండాల్సిందే. తలుపు మొత్తం తెల్లకాగితం అయిపోతే మాత్రం ఎక్కువైనట్టు.

ఇంకో చిట్కా. మనిషిని కారుకు ఎండ పడేవైపు నిలబెట్టి, మొహాన్ని కారు వైపు కొంచెం తిప్పమనండి. తెల్ల తలుపు మీద పడిన ఎండ తిరిగి మొహం మీద పడుతుంది. పెళ్ళిళ్ళలో మేము థర్మకోల్ అట్ట పట్టుకుని చేసిన పని ఆ తలుపు ఊరికే చేసిపెడుతుంది. పొద్దున ఎనిమిది లోపల, సాయంత్రం అయిదు తర్వాత ఇది బాగా కుదురుతుంది. మధ్యాహ్నం కర్నూలులో మనిషి బయట నిలబడటమే కష్టం, ఫోటో తర్వాత సంగతి.

ఒక్క మాట. రంగు తీసేటప్పుడు ఆరెంజ్ మీట పెంచితే చర్మం తెల్లబడుతుందని పిల్లలు కనిపెట్టేశారు. పెంచకండి. స్టుడియోలో నెగటివ్ మీద పెన్సిలుతో టచింగ్ చేసి ఎంతోమంది పెళ్ళికూతుళ్ళను నేనే తెల్లబరిచాను. "ఇది మా అమ్మాయేనా" అని ఒక తల్లి నన్నే అడిగింది. అప్పటి నుంచి మానేశాను.

ప్రశ్న: మా నాన్నగారి 1972 ఫియట్ మా ఇంటి ముందు ఉంది. ఫోటోల పిచ్చిలో పిల్లలు దాని మీద ఎక్కుతున్నారు. మొన్న ముందు తలుపు చిన్న అద్దం విరిచారు. మీలాంటివాళ్ళు పత్రికల్లో రాసి ఎగదోయడం వల్లే ఇదంతా. (అనంతపురం నుంచి ఒక రిటైర్డు ఉద్యోగి)

అయ్యా, క్షమించండి. తిట్టినా పడతాను. ఆ మూడు మూలల చిన్న అద్దం విలువ ఇప్పటి పిల్లలకు తెలియదు. ఏసీ లేని రోజుల్లో దాన్ని కొంచెం తిప్పితే గాలి నేరుగా మొహానికి కొట్టేది. మీ అద్దం కొత్తది దొరకడం కష్టం. పాత ఫియట్లు విప్పే షెడ్డులో అడిగితే కొత్తదానికంటే ముందు దొరుకుతుంది.

అమ్మేద్దామా అని కూడా ఉత్తరం చివర్లో అడిగారు. 50 ఏళ్ళు దాటి, పెద్ద మార్పులు చేయకుండా అసలు రూపంలోనే ఉన్న బండ్లకు 2021లో వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనలు వచ్చాయి. కొత్తగా చేయించాలంటే రుసుము 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది. పాత నెంబరు ఉన్నవాళ్ళు దాన్నే ఉంచుకోవచ్చు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, రిపేరుకు బయటికి తీయవచ్చు గానీ మామూలు తిరుగుడుకూ వ్యాపారానికీ వాడకూడదు. కాబట్టి ప్రీవెడ్డింగ్ షూట్‌కు అద్దెకిస్తారా అని వచ్చినవాళ్ళకు ఏం చెప్పాలో మీకు తెలిసినట్టే.

ఆ పిల్లలకు మీరొకసారి స్టార్ట్ చేసి చూపించండి సార్. మీద ఎక్కరు. లోపల ఎక్కుతామంటారు, అది వేరే తలనొప్పి.

ప్రశ్న: నేను అమ్మాయిని. డోన్‌లో ఉంటాను. షెడ్ల దగ్గరికి కెమెరాతో పోతే అందరూ పని ఆపి చూస్తారు. ఏం చేయాలి?

తల్లీ, మొదటి రోజు తప్పకుండా చూస్తారు. రెండో రోజు కొంచెం తక్కువ చూస్తారు. మూడో రోజు "ఇంకా అయిపోలేదా మేడమ్" అంటారు, అప్పుడు నీ ఫోటోలు మొదలవుతాయి. ముందు షెడ్డు పెద్దమనిషితో మాట్లాడు. ఏం తీస్తున్నావో చెప్పు. తీసినవాటిలో ఒకటి ప్రింటు వేయించి తీసుకుపోయి ఇవ్వు. ఫోన్లో పంపితే లెక్కలోకి రాదు, ప్రింటయితే గోడకు అంటిస్తారు. ఆ గోడ మీద నీ ఫోటో ఉన్నంతకాలం నిన్ను ఎవరూ ఏమీ అనరు. వద్దన్నవాళ్ళను తీయకు. ఒంటరిగా ఉన్నట్టు అనిపించిన చోటు నుంచి ఫోటో వదిలేసి వచ్చెయ్.

ఈ రకం ఫోటోల్లో యువత అంటే మగపిల్లలే అయిపోయారు. మా చాచా షెడ్డులో ఆయన మనవరాలు ఇంటర్ చదువుతుంది. ఇంట్లో సందడి ఎక్కువని సాయంత్రం చక్రాలు లేని అంబాసిడర్ వెనక సీట్లో కూర్చుని జువాలజీ బట్టీ పడుతుంది. టిఫిన్ డబ్బా డాష్‌బోర్డు మీద, చున్నీ ముందు సీటు మీద. అక్కడికి నేను కెమెరా తీసుకుపోలేను, ముసలోడు ఎందుకొచ్చాడని కంగారు పడుతుంది. నువ్వు పోగలవు.

ప్రశ్న: ఫిల్మ్ కెమెరా కొంటే ఆ ఒరిజినల్ ఫీల్ వస్తుందా? (నంద్యాల)

జేబులో డబ్బులు ఎక్కువుంటే కొనండి. రీలు కడిగే డెవలపరు మందు 20 డిగ్రీల దగ్గర ఉండాలి, మే నెలలో మా కుళాయి నీళ్ళు చేయి కాలేట్టు ఉండేవి. అర్ధరాత్రి దాకా ఆగి, బకెట్లో ఐసు గడ్డలు వేసి రీళ్ళు కడిగేవాళ్ళం. ఒక్కోసారి పూత మెత్తబడి పెళ్ళికొడుకు మొహం నెగటివ్ నుంచి జారిపోయేది. ఆ ఫీల్ నాకు వద్దు.

ప్రశ్న: మీ దగ్గర పాత కార్ల ఫోటోలు ఎన్నో ఉండాలే. ఎప్పుడూ వేయరేం? (కర్నూలు)

ఉండేవి. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి పాతబస్తీలోకి వచ్చాయి కదా. స్టుడియోలో సీలింగ్ ఫ్యాను రెక్కలకు బురద అంటుకుంది. ముప్పై ఏళ్ళ నెగటివ్‌లు బిస్కెట్ డబ్బాల్లో పెట్టి ఉంచాను. నీళ్ళు తీశాక తెరిస్తే ఒకదానికొకటి అంటుకుని బెల్లం అచ్చుల్లా ఉన్నాయి. విడదీద్దామని నానబెడితే బొమ్మలన్నీ నీళ్ళలోకి వచ్చేశాయి.

నీళ్ళు తీసిన మూడో రోజు మా బావమరిది డిజిటల్ కెమెరా అడిగి తీసుకుని వీధిలోకి పోయాను. సందు మొదట్లో ఎవరిదో అంబాసిడర్ గోడ మీదికి ఎక్కి ముక్కు పైకెత్తి ఉంది. సగం దాకా బురద. దాని టాపు మీద ఏడెనిమిది మంది పిల్లలు ఎక్కి, పంచిన పులిహోర పొట్లాలు తింటున్నారు. ఊళ్ళో తడి లేని చోటు అదొక్కటే. కలర్‌లోనే తీశాను గానీ బురద వల్ల అంతా ఒకే రంగు, నలుపు తెలుపు అనే అనుకుంటారు చూసినవాళ్ళు. నా దగ్గర మిగిలిన పాత కారు ఫోటో అది ఒక్కటే. ప్రింటు స్టుడియో కౌంటరు వెనక ఉంది.

పోయిన నెల ఒక కుర్రాడు పాస్‌పోర్టు ఫోటోకు వచ్చి దాన్ని చూశాడు. కౌంటరు పలక పైకెత్తి లోపలికి వచ్చేశాడు. ఎడమ నుంచి మూడోవాడు తనేనట. ఇప్పుడు హైదరాబాదులో క్యాబ్ నడుపుతున్నాడు. ఫోన్‌తో ఆ ప్రింటును నాలుగుసార్లు ఫోటో తీసుకున్నాడు. నా ట్యూబ్‌లైటు గ్లాసు మీద పడి ప్రతిసారీ వాడి మొహం దగ్గరే తెల్లమచ్చ వచ్చింది. ఫ్రేము విప్పి ఇచ్చాను.

"ఆ కారు ఏమైంది సార్?" అన్నాడు.

తూకానికి పోయిందని చెప్పాను.

"ఇంజను ఉండిందా?" అన్నాడు. అది నేను చూడలేదు.